ఊద్ రాసుకుని ఎల్లారెడ్డి బస్సులో

హైదరాబాద్ నుంచి నర్సాపూర్, మెదక్, ఎల్లారెడ్డి, బాన్సువాడ మీదుగా నస్రుల్లాబాద్ చేరడానికి బస్సులో నాలుగైదు గంటలు పడుతుంది. ఊద్ కలిపిన అత్తరు తన గుణమేమిటో పూర్తిగా బయటపెట్టడానికి కూడా ఇంచుమించు అంతే పడుతుంది. ఈ రెండూ ఒకే రోజున కుదిరాయంటే కారణం పెళ్లి. నస్రుల్లాబాద్‌లో ఒక మిత్రుడి తమ్ముడి పెళ్లి. దుబాయ్, ఖతార్, సౌదీల నుంచి ఛుట్టీ మీద వచ్చినవాళ్లు పందిట్లో సగం మంది ఉంటారని ముందే తెలుసు. సెంట్ల సంగతి బాగా ఎరిగిన జనం. అక్కడికి దొరికిన స్ప్రే ఏదో కొట్టుకుని పోవడానికి మనసొప్పలేదు.

అందుకని ముందురోజు సాయంత్రం పత్తర్‌గట్టీకి పోయాను. మదీనా చౌరస్తా దాటి చార్మినార్ వైపు నడుస్తుంటే రాతి కమానుల కింద అత్తరు కొట్లు కంటికన్నా ముందు ముక్కుకే అందుతాయి. నేనెక్కిన కొట్టు ఇద్దరు నిలబడితే నిండిపోయేంత. అద్దాల బీరువాల్లో చెక్కుడు గాజు సీసాలు, వాటికి ఉర్దూ చీటీలు: జన్నతుల్ ఫిర్దౌస్, మజ్మూఆ, షమామా, హీనా, మట్టి. గల్లాపెట్టె ముందు కూర్చున్న పెద్దాయన చెవి మడతలో అత్తరు దూది. ఊద్ కావాలన్నాను. "ఉత్తదా సాబ్, కలిపిందా?" అన్నాడు. ఉత్త ఊద్ తైలం తులం ధర విన్నాక కలిపినదాని గురించి అడగక తప్పలేదు.

అలా కలిపినదాన్ని ముఖల్లత్ అంటారు. ఆయన తీసి చూపిందాంట్లో అస్సాం ఊద్, గులాబీ, కుంకుమపువ్వు, వాటన్నిటినీ మోసే గంధపు నూనె ఉన్నాయట. బంగారం కొట్లలో తులం అంటే ఇప్పుడు పది గ్రాములే కానీ, అత్తరు బజారులో ఇంకా పాత తులమే నడుస్తోంది. ఓ పన్నెండు మిల్లీలీటర్లు. నాకు పావు తులం చాలనుకున్నాను. గాజు పుల్ల ముంచి చేతి వెనక ఒక గీత గీశాడు. ముక్కు దగ్గరకు తీసుకుపోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇప్పుడు చూస్తే కొనరు. పొద్దున పూసుకోండి, సాయంత్రం చూడండి" అన్నాడు. సరుకు అమ్ముకునేవాడి నోట రావలసిన మాట కాదది. అయినా ఊద్ విషయంలో అంతకన్నా నిజమైన మాట లేదు.

ఎందుకో తెలియాలంటే చెట్టు దగ్గరకు పోవాలి. అస్సాం, త్రిపుర కొండల నుంచి కంబోడియా, ఇండోనేషియా దాకా పెరిగే అగరు చెట్టు కలప తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నంతకాలం దానికి చెప్పుకోదగ్గ వాసన ఉండదు. పురుగు తొలిచిన చోటో, కొమ్మ విరిగిన చోటో బూజు చేరితే, అది లోపలికి పాకకుండా చెట్టు నల్లని జిగురు ఊరుస్తుంది. ఏళ్ల తరబడి ఊరుతుంది. ఆ జిగురు పట్టిన చెక్కే ఊద్. బాగా పట్టిన ముక్కను నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. ఆ చెక్కను చిన్న ముక్కలుగా కొట్టి వారాల తరబడి నీళ్లలో నానబెడతారు. నానుతూ పులుస్తుంది. తర్వాత బట్టీలో పెట్టి రోజుల పాటు ఉడికించి, ఆవిరి చల్లారాక నీటి మీద తేలిన నూనెను తీసుకుంటారు. కిలోల కొద్దీ చెక్కకు దక్కేది మిల్లీలీటర్లలోనే. అడవుల్లో చెట్టు తరిగిపోవడంతో 1995 నుంచి దీని విదేశీ వ్యాపారానికి, ముప్పులో ఉన్న జాతుల కోసం దేశాలు చేసుకున్న సైటిస్ ఒప్పందం కింద అదుపు పెట్టారు. ఇప్పుడు తోటల్లో పెంచి, కాండానికి బెజ్జాలు వేసి, కావాలనే బూజు ఎక్కిస్తున్నారు.

నానబెట్టినప్పుడు పట్టిన పులుపే అస్సాం ఊద్‌కు గుర్తు. గల్ఫ్ బజారులో దీన్ని 'హిందీ' అంటారు. కంబోడియా ఊద్ మొదటి నుంచీ తియ్యగా, పండ్ల వాసనతో మర్యాదగా ఉంటుంది. హిందీ అలా కాదు. పశువుల కొట్టం, తడి తోలు, నాటు మందుల పొడి, ఇవన్నీ కలిసి మొదట ముక్కు మీదికి వస్తాయి. అరబ్బుల్లో తెలిసినవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టేది దీనికే.

పొద్దున ఆరు గంటలకు రెండు మణికట్లకూ, మెడకూ ఒక్కొక్క చుక్క రాసుకుని బస్సెక్కాను. గండిమైసమ్మ దాటేసరికి బస్సు నిండింది. పక్క సీట్లో ఒక పెద్దామె, ఒళ్లో అరటిపండ్ల సంచి. కొంచెంసేపు అటూ ఇటూ చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అడిగేసింది: "ఏం వాసన నాయినా ఇది? బర్రెల కొట్టంల పండి లేసొచ్చినట్టున్నవ్." ముందు సీటులోని కుర్రాడు కిసుక్కున నవ్వాడు. నిజానికి ఆమె ముక్కు బాగా పనిచేస్తోంది. కుంకుమపువ్వు మందు ఘాటు పైపైన ఉన్నా, దాని కింద ఉన్నది ముమ్మాటికీ కొట్టమే. అత్తరు అని చెప్పాను. "అత్తరా?" అని, ఇంకేమీ అనకుండా కిటికీ పూర్తిగా తెరిచింది.

ఆల్కహాల్ కలిపిన స్ప్రేకీ నూనెలో ఉండే అత్తరుకీ తేడా ఇక్కడే. స్ప్రేలో ఆల్కహాల్ క్షణాల్లో ఎగిరిపోతూ నిమ్మ, నారింజ తొక్క జాతి తేలికపాటి వాసనలను తనతోపాటు ఒక్కసారిగా పైకి లేపుతుంది. అందుకే స్ప్రే మొదటి అయిదు నిమిషాలు ఎప్పుడూ బాగుంటుంది. షోరూముల్లో కాగితం ముక్క మీద కొట్టి ఇచ్చేది ఆ అయిదు నిమిషాల కోసమే. నూనె అత్తరుకు అలా ఎగదోసేది ఏదీ ఉండదు. ఒంటి వేడికి దానంతటదే ఒక్కో పొరా లేవాలి. కాగితానికి ఒళ్లూ లేదు, వేడీ లేదు. ఊద్‌ను కాగితం మీద చూసి కొనేవాళ్లంటే నాకు జాలి.

నర్సాపూర్ అడవి మలుపుల్లో గాలి కొంచెం చల్లబడింది. అడవి దాటాక కుంకుమపువ్వు ఘాటు తగ్గింది. మెదక్ చేరేసరికి గులాబీ వచ్చింది. ఇది పన్నీరులోని గులాబీ కాదు, గుల్కంద్‌లోనిదీ కాదు. కొంచెం మిరియం కారం, కొంచెం తేనె ఉన్న ఎర్ర గులాబీ. ఊద్ పక్కన గులాబీని పెట్టడం అరబ్బులకు మహా ఇష్టం. ఒంటరిగా ఉంటే గులాబీ త్వరగా పల్చబడుతుంది. ఊద్ బరువు దాన్ని కిందికి పట్టి ఉంచుతుంది. ఊద్ మొరటుదనాన్ని గులాబీ కప్పుతుంది. ఇద్దరిలో ఎవరిది ఎక్కువ లాభమో చెప్పడం కష్టం. అరటిపండ్ల పెద్దామె మాత్రం మెదక్ బస్టాండులోనే దిగిపోయింది. గులాబీ ఆమెదాకా చేరనేలేదు. ఆమె ఊళ్లో ఎవరికైనా ఊద్ గురించి చెబితే కొట్టం గురించే చెబుతుంది. మొదటి గంటతో తీర్పు చెప్పేవాళ్లంతా ఆ సీట్లోనే కూర్చున్నారు.

మెదక్ అనగానే అందరూ 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన పెద్ద చర్చిని చూస్తారు. నా చూపు కోట మీదికి పోయింది. కాకతీయుల నాటి కోట. ఆ వంశపు గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో ఓడ సరుకుల మీద సుంకాల పట్టీ ఉంది. గంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాది అన్నీ అందులో ఉన్నాయి. పిల్లి ఒంట్లోంచి వచ్చే జవ్వాదికి పన్ను కట్టి దించుకున్న దేశం మనది. కొట్టం వాసనకు మనం ఇవాళ కొత్తగా ముక్కు మూసుకోవడం కొంచెం విడ్డూరమే.

మెదక్ దాటాక పోచారం చెరువు, దాని వెనక అభయారణ్యం. వేసవి కనుక నీళ్లు బాగా తగ్గి, ఒడ్డు బురద ఎండి పగిలి ఉంది. అప్పటికి నాకు వాసన ఏమీ తెలియడం లేదు. ఎగిరిపోయిందేమో అనుకున్నాను. అలా అనుకునే చాలామంది మళ్లీ రాసుకుంటారు, చుట్టుపక్కల వాళ్ల ప్రాణం తీస్తారు. ముక్కుకు అలవాటు పడే గుణం ఉంది. ఒకే వాసన ఎడతెరిపి లేకుండా తగులుతుంటే దాన్ని లెక్కచేయడం మానేస్తుంది. ఎల్లారెడ్డిలో టీకి బస్సు ఆగినప్పుడు దిగి, డీజిల్, మిర్చి బజ్జీల మూకుడు, ఎండిన పేడ అన్నీ పీల్చి తిరిగి వచ్చి మణికట్టు చూసుకుంటే అత్తరు భేషుగ్గా ఉంది. అదీగాక, మారిపోయి ఉంది.

ఎల్లారెడ్డిలో నాకు కనబడిందే అసలు ఊద్. కొట్టం లేదు. కుంకుమపువ్వు లేదు. గులాబీ వెనక్కి తగ్గింది. మిగిలింది పొడి చెక్క, కాస్త పొగ, చింతపండు గుజ్జును బెల్లంతో మరిగించినప్పటి పుల్లని తీపి, లోపలెక్కడో చల్లటి కర్పూరపు జాడ. ఈ వాసన వచ్చిపోతుంటుంది. మణికట్టుకు ముక్కు ఆనిస్తే దొరకదు, చెయ్యి పక్కకు తీస్తే గాలిలో తగులుతుంది. ఊద్ తైలంలో ఉన్నవి ఎక్కువగా పదిహేను కార్బన్ పరమాణువుల చుట్టూ అల్లుకున్న బరువైన పదార్థాలు. రకరకాలుగా వందకు పైగా ఉంటాయి. ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో లేస్తుంది. వాసన క్షణక్షణం వేరుగా అనిపించడం మన ఊహ కాదు, నిజంగానే గాలిలో ఉన్నది మారుతోంది. మే నెల ఎండ కనుక ఈ మార్పులన్నీ కాస్త తొందరగా జరిగాయి. చలికాలంలో ఇదే అత్తరు కొట్టం దగ్గరే మధ్యాహ్నం దాకా కూర్చునేది.

అక్కడి నుంచి బాన్సువాడ దాకా నిజాంసాగర్ కాలువల దేశం. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ప్రాజెక్టు. అలీ నవాజ్ జంగ్ ఇంజినీరుగా కట్టించింది. ఆ నీళ్లతో ఇక్కడ వరి పండుతుంది. యాసంగి వడ్లు రోడ్డు సగం ఆక్రమించి ఆరుతున్నాయి. బస్సు డ్రైవరు తిట్టుకుంటూ పక్కకు తిప్పుతున్నాడు. ఇంత నీళ్లున్న నేల నుంచి ఇంతమంది ఇసుక ఎడారికి ఎందుకు పోయారని పైవాళ్లు అడుగుతుంటారు. కాలువ చివరి పొలానికి నీళ్లు అందాయా, అందిన పొలం ఎంతమంది అన్నదమ్ముల మధ్య పంచుకున్నారు, బోరుకు అప్పు ఎంత అని అడిగితే జవాబు అక్కడే దొరుకుతుంది. 1970ల్లో చమురు డబ్బు పొంగినప్పుడు మొదలైన వలస నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల పల్లెల్లో ఇప్పటికీ ఆగలేదు. బాన్సువాడలో దిగి ఆటో ఎక్కితే నస్రుల్లాబాద్ దగ్గరే. 2016 జిల్లాల విభజనలో మండల కేంద్రమైన ఊరు. కొత్త మేడలు, పాత పెంకుటిళ్లు పక్కపక్కనే. కొత్తవాటిలో చాలావాటి సిమెంటు ఏ దేశపు జీతమో పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు.

పందిరి దగ్గరికి పోతే వాసనల సంత. బగారా అన్నం డేగిశాలు, మటన్, మల్లెపూలు, జనరేటర్ పొగ, వీటన్నిటి పైన గల్ఫ్ స్ప్రేలు. సగం సీసాల మీద ఊద్ అనే రాసి ఉంటుంది. యూరప్ పెద్ద కంపెనీలు ఊద్‌ను పట్టించుకోవడం మొదలైంది 2002లో ఈవ్ సాంలోరాఁ కంపెనీ సెంటు ఎం7 వచ్చాక. ఆ తర్వాత ప్రయోగశాలల్లో చేసిన చవక ఊద్ ప్రపంచమంతా నిండిపోయింది. దాని తీరు వేరు. ఉదయం పది గంటలకు ఎలా ఉందో రాత్రి పదికీ అలానే ఉంటుంది. రెండు రోజులైనా చొక్కా వదలదు. వదలకపోవడాన్నే గొప్పగా చెబుతారు. నాకు అది లోపంగానే తోస్తుంది. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపులో ఒక గదికి ఎందరో సర్దుకుని బతికి, రెండేళ్లకోసారి ఇల్లు చేరిన మనిషికి కావలసింది పొరలు పొరలుగా విప్పుకునే సువాసన కాదు. తాను వచ్చానని వాడకట్టంతా తెలియాలి. ఆ పని ఆ స్ప్రే దివ్యంగా చేస్తుంది.

ఇక్కడి ముసలివాళ్లకు ఊదు అంటే వేరే. పీర్ల పండుగకు నిప్పుల మీద చల్లే ఊదు. అది సాంబ్రాణి జాతి జిగురు, అగరు చెట్టుతో దానికి సంబంధం లేదు. నా మణికట్టు చూసిన మిత్రుడి నాయనమ్మ "పీర్ల కాడి వాసన రాదేంది బిడ్డా?" అని పెదవి విరిచింది.

భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్నాయన అలా అనలేదు. యాభై దాటిన మనిషి. బగారా కలుపుతూ ఉన్నట్టుండి ఆగి, నా వైపు వంగాడు.

"సార్, ఇది స్ప్రే కాదు గదా. తెల్లారి పెట్టుకున్నవా?"

అవునన్నాను. దుబాయ్‌లో దేరాలో ఒక అత్తరు గోదాములో ఏండ్లకేండ్లు ప్యాకింగ్ పని చేశాడట. ఊద్ చెక్క బస్తాలు దించడం, ముక్కలు ఏరడం, డబ్బాలకు సర్దడం. బరువునుబట్టి చేత్తోనే రకం చెప్పేవాడట. "తేలుకగుంటె ఉత్త కట్టె సార్. ఊద్ ముక్క చిన్నదైనా చెయ్యిని గుంజుతది." అక్కడికి వచ్చే బస్తాల మీద అస్సాం పేరు చూసి మొదట్లో ఆశ్చర్యపోయాడట, మన దేశం కట్టెను మన దేశపోడు దుబాయ్‌లో మోయడమేమిటని. అస్సాంలోని హోజాయ్ నుంచి వచ్చి 1951లో బొంబాయిలో మొదలైన అజ్మల్ వంటి అత్తరు వ్యాపారం గల్ఫ్ నిండా విస్తరించిందంటే ఈ దారి ఎంత పాతదో ఊహించుకోవచ్చు.

"అరబ్బులు ఒక్కటితోని ఆగరు సార్," అన్నాడు. "ముందుగాల బొగ్గుల మీద బఖూర్ ఏసి పొగ బట్టలకు పట్టిస్తరు. ఆ తర్వాత ఊద్ తైలం చెవుల ఎనక, గడ్డానికి రాస్తరు. ఆఖరుకు మీదికెంచి స్ప్రే. మూడూ మూడు తీర్లు ఉంటయి. పొద్దటిది పోతే పగటిది, పగటిది పోతే రాత్రిది."

ఎప్పుడైనా తాను రాసుకున్నాడా అని అడిగాను.

"యాడికెల్లి సార్? ఒక్క తులానికి నా నెల జీతం జాలకపోతుండె. రాసుకునుడు ఎందుకు, ఆ వాసన ఊకెనే ఎక్కుతుండె. డ్యూటీ దిగి సబ్బు పెట్టి రుద్దినా పోకపోతుండె. క్యాంపుల పక్క మంచపోడు రోజూ కొట్లాటకే వస్తుండె, నీ ఒంట్లె ఏదో చచ్చిందని."

పెరుగు వడ్డించాక చేయి కడుక్కుని వచ్చి, ఈసారి నా అనుమతి అడిగి మణికట్టు పట్టుకున్నాడు. వెంటనే వాసన చూడలేదు. బొటనవేలితో ఒకసారి గట్టిగా రుద్ది, ఆ వేడి మీద చూశాడు. అలా రుద్దకూడదని పుస్తకాల్లో రాస్తారు. ఆయన పుస్తకాలకోసం రుద్దలేదు, అడుగున ఏముందో పైకి లాగడానికి రుద్దాడు.

"గంధం దండిగుంది. గులాబీ మంచిదే ఏసిండు. ఊద్ ఉన్నది గని మోటుగ లేదు, ఇంతసేపటికే పలచగైంది. అసలుదైతే ఇప్పుడే మొదలయ్యేది. ఎంతకిచ్చిండు?"

ధర చెప్పాను. కాసేపు మనసులో లెక్కవేసుకుని, మోసం లేదన్నాడు. ఆ ధరకు అంతకన్నా ఊద్ ఎవడూ వేయడట. ఆయన చెప్పిన లెక్క ప్రకారం నా అత్తరులో ఊద్ ఎల్లారెడ్డి దాకా టికెట్ తీసుకుంది, బాన్సువాడ నుంచి బండి నడిపింది గంధం. సాయంత్రం అప్పగింతల వేళకు చూసుకుంటే ఆయన మాటే నిజమైంది. మెత్తటి పాల గంధం, అంచున మాత్రం కొంచెం పొగ. ఉత్త ఊద్ కొనే స్తోమత ఉంటే ఏం చేయాలని అడిగితే మూడు నియమాలు చెప్పాడు. నాలుగు కొట్లలో నాలుగు చోట్ల ఒంటి మీద గీయించుకోవాలి. అదే రోజు కొనకూడదు. మొదట గుప్పుమని తియ్యగా ఉన్నదాన్ని ముందే పక్కనపెట్టాలి.

"కొట్టం వాసనొచ్చిందాన్ని ఆఖరుదాక ఉంచు సార్. అది సాయంత్రానికి బాగుపడకుంటే అప్పుడు తిట్టు."